వ్యాయామం ముఖ్యమా, ప్రతినిధియా?

"పూర్వులెవరూ వ్యాయామశాలకు పోలేదు; జపతపాలు చేసుకొనేవారికి ఆ శ్రమ ఎందుకు?" అని కొందరు ఆస్తికులు ఆక్షేపిస్తుంటారు. నశ్వరమైన దేహాన్ని సంస్కరించుకోవడం దేహాత్మబుద్ధియేనని మరికొందరి వాదం. విచారిస్తే ఈ రెండు పక్షాలూ నిలువవు.

పూర్వులకు వ్యాయామశాల అక్కరలేకపోవడానికి కారణం వారి దినచర్యయే శ్రమమయం కావడం. బావిలో నీరు చేదడం, మడినీళ్ల బిందె మోయడం, వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం, పూలు కోయడం, సానపై గంధం తీయడం, పొరుగూరి ఆలయానికి నడిచి వెళ్లడం: పూజ ఆరంభం కాకముందే దేహం చెమర్చేది. నేడు మోటారు నీటిని ఎక్కిస్తున్నది. పూలు సంచిలో గుమ్మానికి వస్తున్నవి. గంధం పొట్లంలో దొరుకుతున్నది. క్రియ లోపించింది, ప్రసాదస్వీకారం మాత్రం తగ్గలేదు.

దీని ఫలం శాస్త్రానికి తెలియనిది కాదు. ప్రమేహహేతువులను చెబుతూ చరకసంహిత ఆసనసుఖాన్ని, నిద్రాసుఖాన్ని ముందుగా పేర్కొన్నది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో ప్రమేహరోగికి విధించిన ఉపాయాలలో గొడుగు, పాదరక్షలు లేకుండా నూరు యోజనాలు నడవడం, బావి త్రవ్వడం కూడా ఉన్నవి. అనగా, ఒకరికి నిత్యకృత్యమైన శ్రమయే దానిని విడిచిన వానికి ఔషధమైంది. దేహాన్ని రోగగ్రస్తం చేసుకొని సంధ్యావందనానికి కూడ కూర్చోలేనివాడు వైరాగ్యం చెప్పడం హాస్యాస్పదం. దేహం నశ్వరమే, సాధన ముగిసేవరకు అది నిలవాలి కదా!

అయితే వ్యాయామశాలాభిమానులు కూడ ఒక న్యాయాన్ని గ్రహించాలి. మీమాంసాశాస్త్రంలో ప్రతినిధివిచారం ఉన్నది. సోమలత లభించనప్పుడు పూతీకం, వ్రీహులు లేనప్పుడు నీవారాలు గ్రాహ్యాలు. ముఖ్యద్రవ్యం చేతికందుతుండగా ప్రతినిధిని స్వీకరించడానికి అధికారం లేదు. వ్యాయామం నేటి మానవునికి అటువంటి ప్రతినిధి. పగలంతా కంప్యూటరు ముందు కూర్చోక తప్పనివానికి అది అవశ్యకర్తవ్యం; దానిని నిందించడం తగదు. కాని మొదటి అంతస్తుకు లిఫ్టు ఎక్కి, వీధి చివరి కోవెలకు కారులో వెళ్లి, సాయంకాలం డబ్బిచ్చి ట్రెడ్‌మిల్లుపై నడిచేవాడు ముఖ్యాన్ని త్రోసిపుచ్చి ప్రతినిధిని ఆశ్రయించినవాడు.

ఇందుకు తిరగలిని, రోకలిని మళ్లీ స్త్రీల నెత్తిన రుద్దనక్కరలేదు. ఆ శ్రమలో అధికభాగం గృహిణులే మోశారు. యంత్రం వారికి కలిగించిన విశ్రాంతి న్యాయమైనదే. వ్యాయామం సైతం బలంలో సగం మేరకే ఉండాలని అష్టాంగహృదయం నియమించింది. కావలసినది ఇంటి పనిలో పురుషుడు తన భాగం తాను స్వీకరించడం, దేవతార్చనకు నీరు, పూలు స్వయంగా తేవడం, శక్తి ఉన్నవాడు అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు ఎక్కి స్వామిని దర్శించడం. ఇవి ఏవీ సాధ్యం కాని దినాన వ్యాయామం చేయవలసిందే. సాధ్యమైన దినాన మాత్రం ఆలయప్రాంగణం ఊడ్చే చీపురు ఎవరి చేతికోసమో ఎదురుచూడనక్కరలేదు.