చూడదగినది ఏమున్నది?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు గృహస్థుని ఇంటికి ఆంధ్రదేశం నుండి చుట్టాలు వచ్చినప్పుడు, "ఇక్కడ చూడదగినవి ఏమున్నవి?" అని అడగడం పరిపాటి. "ఏమున్నది బాబూ, ఇది రైలు ఊరు. వచ్చే బళ్ళు, పోయే బళ్ళు" అని జవాబు రావడమూ పరిపాటియే. ఆ గృహస్థుడే ఫ్లారెన్సు నగరమంటే మాత్రం చెవి కోసుకుంటాడు. బ్రూనెల్లెస్కి గుమ్మటం 1436లో పూర్తి అయినదనీ, మైకెలాంజిలో దావీదు ఒకే పాలరాతి దిమ్మ నుండి వెలువడినాడనీ అతనికి కంఠస్థం. దూరపు నగరాన్ని ప్రేమించడం దోషం కాదు. ఆ ప్రేమ వల్ల చూపు అలవడకపోవడమే దోషం.

ఫ్లారెన్సుకు రైలులో పోయిన యాత్రికుడు సాధారణంగా దిగేది సాంతా మారియా నొవెల్లా స్టేషనులో. అదే పేరుగల ప్రాచీనమైన చర్చి దానికి అత్యంత సమీపంలో ఉన్నది. ఆ చర్చి ముఖభాగానికి రూపమిచ్చినవాడు ఆల్బెర్టి. అంతటి కట్టడం పక్కన పొగబండ్ల స్టేషను ఎట్లుండవలెనన్న ప్రశ్నపై 1930ల ఆరంభంలో ఇటలీలో పెద్ద రభస జరిగినది. మిచెలూచ్చి నాయకత్వాన కొందరు యువ వాస్తుశిల్పులు గీసిన నమూనా పోటీలో నెగ్గినది. దానికి శిఖరాలు లేవు, స్తంభాల ఆడంబరం లేదు. చర్చికి మించి తల ఎత్తక నేలబారుగా సాగిన గోడ. ఆ గోడకు నగరపు పాత భవనాలలోని రాయి. దానిని తిట్టినవారున్నారు, పొగడినవారున్నారు, ఊరకున్నవారు తక్కువ. 1935లో ప్రారంభమైన ఆ స్టేషను నేడు ఆ నగరపు కళాసంపదలో లెక్కకు వస్తున్నది. టిక్కెట్లమ్మే చోటు గురించి కూడా గొంతు చించుకొని వాదించడం ఆ ఊరివారికి తెలుసు. బొమ్మల పుస్తకాలు చదివే తెలుగువారు ఫ్లారెన్సు నుండి తెచ్చుకోనిది ఈ ఒక్కటే.

బిలాస్‌పూర్‌కు ప్రాణం పోసినది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ 1891 నాటికి ఈ ఊరి మీదుగా నాగపూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపినది. 2003లో ఊరు ఒక రైల్వే మండలానికి కేంద్రమయినది. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి కొలువులకు వచ్చిన తెలుగువారు ఇక్కడ తరాలుగా స్థిరపడినారు. వేసవిలో వారు జరిపే సోలాపురి మాత పూజకు రైల్వే కాలనీ అంతా కదలి వస్తుంది. ఇప్పుడు దేశమంతటా స్టేషన్లను కొత్తగా కడుతున్నారు. 2023 ఆగస్టు 6న ఒక్కనాడే 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగినది. బిలాస్‌పూర్ స్టేషను కూడా ఆ పథకంలోనిదే. కొత్తది కట్టరాదని ఎవరూ అనరు, ఫ్లారెన్సు కూడా కొత్తదే కట్టినది. కాని ఏ గోడ నిలవాలి, ఏది పోవచ్చును, పోయేదానిని ఎవరు చిత్రించి దాచాలి అన్న చర్చ, తాతల నాటి నుండి ఆ ప్లాట్‌ఫారాల మీదనే జీవించిన ఇళ్ళలో వినిపించదు. చూడదగినది లేదని నమ్మినవాడు పోయినదానికి ఎట్లు దుఃఖిస్తాడు?

ఈ స్టేషనును చూచిన కన్ను ఒకటున్నది. రవీంద్రుని 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' అనే కవితలో, రుగ్ణురాలైన బిను భర్తతో బండి మారడానికి ఆగినది బిలాస్‌పూర్‌లోనే. అక్కడ కూలివాని భార్య రుక్మిణి కూతురి పెండ్లికి ఇరవై అయిదు రూపాయలు ఇవ్వమని ఆమె భర్తను కోరుతుంది. అతడు రెండు రూపాయలిచ్చి, పని జరిగినదని బొంకుతాడు. బిను మరణించిన తరువాత అతడు రుక్మిణిని వెదుకుతూ అదే స్టేషనుకు వస్తాడు. ఆమె ఉండదు. కాలనీవారు దినమూ దాటిపోయే ఆ చోటు ఒక మహాకవికి మనిషి అంతరాత్మను నిలదీసే రంగస్థలమయినది.

"సరే, కవిత్వం మాట అటుంచండి; అక్కడ మైకెలాంజిలో ఉన్నాడు, ఇక్కడెవరున్నారు?" అని ప్రతివాది అడుగుతాడు. ముప్పై కిలోమీటర్ల దూరంలో, మనియారీ నది ఒడ్డున, తాలా గ్రామంలో దేవరానీ, జేఠానీ అనే రెండు శిథిలాలయాలున్నవి. (హిందీ తోడికోడళ్ళను చిన్న, పెద్ద అని విడదీసి పిలుస్తుంది, తెలుగు ఇద్దరినీ ఒక్క మాటలో ఇముడ్చుకుంటుంది. అనువాదకునికి ఇది చిన్న చిక్కు కాదు.) ఆ ఆవరణలో 1988 ప్రాంతంలో బయటపడిన సుమారు తొమ్మిది అడుగుల విగ్రహానికి తలపాగా సర్పాలు, ముక్కు బల్లి, మీసాలు చేపలు, చెవులు నెమళ్ళు, గడ్డం ఎండ్రకాయ, రొమ్ముపై మనుష్యుల ముఖాలు. రుద్రశివుడన్నారు, ఆ పేరు విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. శిల్పి పేరు లోకానికి తెలియదు. దావీదు దేహంలో నరుడొక్కడే ఉన్నాడు. ఈ దేహంలో సృష్టిలోని ప్రాణులన్నీ కాపురమున్నవి. రెంటినీ తూకం వేయబోవడం తెలివితక్కువ. ఒకదానిని చూడడానికి సముద్రాలు దాట గోరేవాడు రెండవదానికి బస్సెక్కకపోవడం అంతకన్న తెలివితక్కువ.

ఇక రతన్‌పూర్. నగరానికి ఇరవై అయిదు కిలోమీటర్లు. కలచురి రాజుల రాజధాని, మహామాయ కొలువున్న క్షేత్రం. అక్కడ దొరికిన 1114 నాటి జాజల్లదేవుని శిలాశాసనంలో, అతనికి ఏటేటా కప్పం కట్టిన మండలాధిపతుల పట్టికలో ఆంధ్ర ఖిమిడి పేరున్నది. అనగా శ్రీకాకుళపు తాతలు రైలెక్కి ఈ సీమకు రావడానికి ఎనిమిది వందల ఏండ్ల ముందే వారి ఇరుగుపొరుగు ఈ రాతిమీదికి ఎక్కినది. ఈ సంగతి తెలియని తెలుగువాడు తానిక్కడ పరాయివాడనని వాపోతుంటాడు.

కొందరు ఉత్సాహవంతులు మరొక పొరపాటు చేస్తారు. రతన్‌పూర్‌ను ఛత్తీస్‌గఢ్ ఫ్లారెన్సు అనీ, అర్పా నదిని ఆర్నో అనీ పిలిచి గౌరవం చేసినామనుకుంటారు. అరువు తెచ్చుకున్న పేరు పెట్టుకున్న ఊరు ఆ పేరుకు వడ్డీ కడుతూనే ఉంటుంది. 1830, 31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీనీ మరొక దేశపు మజిలీ పేరుతో గొప్ప చేయలేదు. నీళ్ళెట్లున్నవో, బాట ఎట్లున్నదో, జనమెట్లున్నారో చూచినది చూచినట్లు వ్రాసినాడు.

వచ్చిన చుట్టానికి రేపటి బండి సాయంత్రం. తాలాకు పోయి రావడానికి ఒక పూట చాలును.