పురిటి గదిలో తొలి సూది

నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన ఇంజినీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో టీకాల సంస్థ పెట్టి, దానికి తన తల్లి పేరే పెట్టుకున్నారు: శాంతా బయోటెక్నిక్స్. అప్పట్లో హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే, మోతాదు వందల రూపాయలు పలికేది. 1997లో శాంతా వారి షాన్‌వాక్-బి వచ్చాక ఆ ధర దిగడం మొదలైంది. తల్లి పేరు పెట్టుకున్న సంస్థ తొలి టీకా, తల్లి నుంచి బిడ్డకు దిగే జబ్బుకు అడ్డు నిలిచేది కావడం యాదృచ్ఛికమే. అయినా నెల్లూరు వాళ్లు చెప్పుకుని మురియదగ్గ మాట.

ఇక ధర సాకు చెప్పడానికి లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఈ సూది ఉచితం. మిగిలిందల్లా వేళకు వేయడమే.

పచ్చకామెర్లంటే పసరు మందు, పథ్యం గుర్తొచ్చే ఊళ్లు మనవి. హెపటైటిస్ బి వైరస్ మాత్రం చాలామందిలో కళ్లు పచ్చబడనివ్వదు. మైపాడులోనో జువ్వలదిన్నెలోనో చేపల గంప దించి ఆసుపత్రికొచ్చిన గర్భిణికి ఒంట్లో ఏ బాధా ఉండకపోవచ్చు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదుగురి ఒళ్లు దాన్ని వదిలించుకుంటుంది. కాన్పులో పసికందుకు సోకితే లెక్క తిరగబడుతుంది: నూటికి తొంభై మందిలో తిష్ఠ వేస్తుంది, ఏళ్ల తర్వాత కాలేయాన్ని గట్టిపరుస్తుంది, క్యాన్సర్‌కూ దారితీయొచ్చు. ఆ గర్భిణికీ తన తల్లి నుంచే వచ్చి ఉండొచ్చు. ఇది తెలియక అత్తింట ఎన్ని నిందలో!

పుట్టిన 24 గంటల్లోపు తొలి మోతాదు, తర్వాత 6, 10, 14 వారాలకు హెపటైటిస్ బి మందు కూడా కలిసిన పెంటావాలెంట్ టీకా. తల్లికి వైరస్ ఉందని తెలిస్తే బిడ్డకు 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా వేయిస్తారు. రక్తంలో వైరస్ మరీ ఎక్కువుంటే ఏడో నెల నుంచి తల్లికి టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. తల్లిపాలు మాన్పించనక్కర్లేదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలూ, మందులూ ఉచితమే.

చిక్కు మన ఆచారంలోనే ఉంది. తొలికాన్పు పుట్టింటివాళ్లది. పరీక్ష అత్తగారి ఊరి ఆరోగ్య కేంద్రంలో, పురుడు ఇంకో మండలంలో. తల్లీపిల్లల కార్డు అత్తింటి బీరువాలో ఉండిపోతే, కాన్పు చేసే నర్సుకు ఆమె సంగతి ఎలా తెలుస్తుంది? కార్డు చీర మడతల్లోనైనా సరే, పుట్టింటి ప్రయాణంలో వెంట రావాలి. కార్డు రాకపోయినా తొలి సూది ఆగకూడదు. పుట్టిన ప్రతి బిడ్డకూ వేయాలన్న నియమం ఉన్నది, తెలియని తల్లుల కోసమే.

అయితే బిడ్డలు ఆదివారం రాత్రి కూడా పుడతారు. టీకాల గది తాళం, తాళం చెవి ఉన్న మనిషి సెలవు. బుధవారం టీకాల రోజుకు రమ్మంటే ఆ 24 గంటలు దాటిపోయినట్టే. పది మోతాదుల సీసాను ఒక్క బిడ్డకోసం తెరవడమెందుకని వెనకాడేవాళ్లూ ఉన్నారు. గడ్డకట్టనివ్వకుండా చల్లగా ఉంచితే తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడుకోవచ్చని ప్రభుత్వ నిబంధనే చెబుతోంది. కాన్పు గది పక్కనే ఒక ఫ్రిజ్, రాత్రి డ్యూటీ నర్సు చేతికి దాని తాళం చెవి: జిల్లా వైద్యాధికారులు ఈ వారమే ఇవ్వగలిగిన ఉత్తర్వు ఇది.