మధ్య స్వరం

మా అమ్మాయికి స్కూల్ ఆర్కెస్ట్రాలో వయోలా ఇచ్చారు. "ఇదెవరికీ వినపడదమ్మా, వయొలిన్‌కి మారిపోతా" అని రోజూ గొడవే. ఫిడేలంటే ద్వారం వెంకటస్వామి నాయుడుగారే అనుకునే ఇంట్లో పుట్టినదాన్ని, వయోలా సంగతి నాకేం తెలుసు?

మేముండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర. ఇక్కడి వాళ్లు మా ఊరిదని చెప్పుకునే బృందం క్రోనోస్ క్వార్టెట్. 1973లో సియాటిల్‌లో డేవిడ్ హారింగ్టన్ మొదలుపెట్టారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, అంతే. కండక్టర్ ఉండడు. ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుంటూ వాయించాలి. 2005లో ఆశా భోస్లేతో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేసింది వీళ్లే. అది పెట్టి ఇద్దరం విన్నాం.

వీళ్లలో వయోలా హ్యాంక్ డట్‌ది. 1977లో చేరి 2024లో విరమించుకున్నారు. సుమారు 47 ఏళ్లు ఆ మధ్య స్వరమే! ఇప్పుడా కుర్చీలో అయానే కొజాసా అనే ఆవిడ కూర్చుంటున్నారు. ఆ మాట చెప్తే మా పిల్ల, "అన్నేళ్లా? విసుగు రాలేదా?" అంది. నేనేం బదులు చెప్పలేదు.

మారతానన్న మాట ఇంకా మానలేదు. కానీ నిన్న సాయంత్రం తలుపేసుకుని గంటసేపు సాధన చేసింది. వంటింట్లోకి బాగానే వినపడింది.