ఈ చైత్రానికి ప్రేక్షకులు కావాలి

హైదరాబాదులో వసంతం ఎక్కువ రోజులు నిలవదు. చలి పోయాక, ఏప్రిల్ ఎండ ముదరకముందు, పగలు వేడెక్కినా సాయంత్రం ఆరు దాటితే గాలి హాయిగా తిరిగే ఐదారు వారాలే మనకు దక్కేవి. వాటిలో సగం పిల్లల పరీక్షలకు, ఇంకో సగం ఆఫీసుల్లో మార్చి నెలాఖరు లెక్కలకు పోతాయి. మిగిలిన ఒకటి రెండు ఆదివారాలు మాల్‌లో గడిచిపోతాయి. ఈసారి అలా పోనివ్వొద్దని పాఠకులను బతిమాలుకోవడానికే ఈ వారం శీర్షిక. ఈ మార్చి ఏటా వచ్చే మార్చి లాంటిది కాదు మరి.

మార్చి 19, గురువారం ఉగాది. ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లో రంజాన్ పండుగ. 2024లోనూ, 2025లోనూ ఈ రెండూ ఇలాగే పక్కపక్కన వచ్చాయి. అమావాస్య దాటిన పాడ్యమి ఒక ఇంట్లో కొత్త సంవత్సరమైతే, అదే అమావాస్య తర్వాత కనబడే నెలవంక పక్కింట్లో పండుగ. హిజ్రీ లెక్కలో అధికమాసం ఉండదు కాబట్టి రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరిగిపోతుంది. మన పంచాంగంలో అధికమాసం వచ్చి ఉగాదిని మళ్లీ వసంతంలోకి తెచ్చి నిలబెడుతుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది. అందుకే వచ్చే ఏడాది ఉగాది ఏప్రిల్ 7కు వెళుతుంది, రంజాన్ మార్చి రెండో వారానికి వచ్చేస్తుంది. ఈ జత ఇక విడిపోతుంది. మళ్లీ ఇలా కలవాలంటే సుమారు మూడు దశాబ్దాలు ఆగాలి. ఒకే వారంలో మక్కా మసీదు ముందరి రాత్రి సందడీ, రవీంద్రభారతిలో ఉగాది కవిసమ్మేళనమూ రెండూ చూడగలిగే వసంతం ఇప్పుడు పదేళ్ల పిల్లలకు మళ్లీ దొరికేది నలభై ఏళ్ల వయసులోనే. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఆ మాట ఒక్కసారి ఆలోచించండి.

ఈ నగరాన్ని కట్టినవాడికి వసంతం అంటే ప్రాణం. 1591లో చార్మినార్ ఎత్తించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో వసంతం మీద ప్రత్యేకంగా కవితలు రాశాడు. వానాకాలం మీద రాశాడు, పండుగల మీద రాశాడు. అతని సమాధి ఇబ్రహీంబాగ్‌లో ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణ మొత్తాన్నీ ఆగాఖాన్ ట్రస్ట్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి 2013 నుంచి పదేళ్లకు పైగా బాగుచేశాయి. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. కూలిన గోడలు, పూడిన బావి చూసి ఎప్పుడో తిరిగొచ్చినవాళ్లు ఇప్పుడు మళ్లీ వెళ్లాలి. సున్నపు పనిని అప్పటి పద్ధతిలోనే చేశారు. సాయంత్రపు ఎండలో ఆ గుమ్మటాలు చూడవలసినవి.

అక్కడ మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం సమాధి దగ్గర తెలుగువాడు తప్పక ఆగాలి. రాజ్యానికి రాకముందు ఇబ్రహీం ఏడేళ్లు విజయనగర సామ్రాజ్యంలో తలదాచుకున్నాడు. తెలుగు నేర్చుకున్నాడు. గోలకొండ గద్దె ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగన యయాతిచరిత్ర, పటాన్‌చెరు ప్రాంతాన్ని ఏలిన అమీన్‌ఖాన్‌కు అంకితం. పటాన్‌చెరు అంటే ఫ్యాక్టరీలు, ట్రాఫిక్ మాత్రమే గుర్తొచ్చే మన పిల్లలకు, అచ్చ తెలుగు కావ్యానికి కృతిపతి ఆ ఊరివాడేనని సమాధుల తోటలో కూర్చోబెట్టి చెప్పాలి. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలుగా చదివితే ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసిందే. ముసుగు రెబెకా ముందు, గంటలు కొట్టే గడియారం ముందు గుంపులో నిలబడి బయటికొచ్చేస్తాం. ఈసారి ఆ రెండూ వదిలేసి బిద్రీ పని, రాతప్రతులు ఉన్న గదుల్లో ఓ గంట గడపండి. శుక్రవారం సెలవు అని మాత్రం మరవొద్దు.

అయితే కట్టడాలకూ మ్యూజియాలకూ మనం వెళ్లకపోయినా పెద్ద నష్టం లేదు. రాయి ఆగుతుంది, వచ్చే ఏడాదికీ ఉంటుంది. మనం వెళ్లకపోతే లేకుండా పోయేవి వేరే ఉన్నాయి. నాటకం, హరికథ, అవధానం, కచేరీ. ఇవి ఎదురుగా మనుషులు కూర్చుంటేనే బతుకుతాయి. నా అసలు బాధ వీటి గురించే.

సురభిని తీసుకోండి. తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకలో కీచకవధ ఆడారు. తోలుబొమ్మల వెనకనుంచి మనుషులే తెర ముందుకు వచ్చిన రోజది. వనారస గోవిందరావు నిలబెట్టిన ఆ సమాజం కొమ్మలు వేసి, ఒక దశలో 40కి పైగా బృందాలైంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో సురభి ఇంటి ఆడవాళ్లే రంగం మీదికి వచ్చారు. ఇప్పుడు మిగిలిన బృందాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకటి మన నగరంలోనే, లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉంది.

మాయాబజార్ గానీ, పాతాళభైరవి గానీ సురభివాళ్లు ఆడుతుండగా చూడనివారికి ఏం చెప్పినా తక్కువే. నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు. రెండు బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలతాయి. ఒక పరదా లేస్తే అడవి, ఇంకోటి దిగితే రాజసభ. ఇదంతా తీగలు, తాళ్లు, కప్పీలు, పెయింటు వేసిన గుడ్డలు, చీకట్లో పక్క తెరల వెనక తాడు పట్టుకుని నిలబడ్డ ఇంటి మనుషులతో జరుగుతుంది. ఈ రంగంలో శశిరేఖ వేసిన అమ్మాయి తర్వాతి రంగంలో తెర వెనక తాడు పట్టుకుంటుంది. పిల్లలు నడక నేర్చిన కొద్దికాలానికే బాలకృష్ణుడి వేషంలో కనబడతారు. దీన్ని పాతబడిన విద్య అనేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. కన్నడ నాటకరంగ దిగ్గజం బి.వి. కారంత్ వచ్చి ఇదే సురభి చేత చండీప్రియ, భీష్మ ఆడించాడు. బ్రెక్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా మలిచి తెలుగులో నిలబెట్టాడు. కొత్తదాన్ని ఒంటబట్టించుకునే సత్తా ఆ కుటుంబాలకు ఉంది. సురభి బాబ్జీగా మనమెరిగిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్లిపోయారు. తర్వాతి తరం ఈ పనిలోనే ఉండాలా, ఇంకేదైనా ఉద్యోగం చూసుకోవాలా అన్నది హాలులో ఎందరున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. పురస్కారాలు తేల్చే సంగతి కాదది.

పద్యనాటకం చూసినవారికి ప్రేక్షకుడి విలువ వేరే చెప్పనక్కరలేదు. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు, రాగం తీస్తాడు, హాలులోంచి ‘వన్స్ మోర్’ అని కేక పడుతుంది. ఆ కేకకు నటుడు రెండోసారి అందుకునే పద్యం మొదటిదానికంటే బాగుంటుంది. అవధానమూ అంతే. ఎనిమిదిమంది పృచ్ఛకులు నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అంటూ చుట్టుముడుతుంటారు. అప్రస్తుతప్రసంగి అడ్డుతగులుతుంటాడు. పృచ్ఛకుడు నిషేధించిన అక్షరాన్ని తప్పించుకుని అవధాని పాదం పూర్తిచేసినప్పుడు సభలో లేచే చప్పట్లే తర్వాతి పూరణకు ఊపిరి. యూట్యూబ్‌లో చూడవచ్చు కదా అంటారు. చూడవచ్చు. కానీ అక్కడ మన ఉత్సాహం అవధానికి చేరదు, ఆయన పద్యం మారదు.

హాళ్లు నడిపేవారికీ, సభలు పెట్టేవారికీ ఒక మాట. ఆరున్నరకు నాటకమని కార్డు వేసి, ఎనిమిదింటిదాకా వేదిక మీద ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు సాగితే, పిల్లలతో వచ్చిన తల్లి ఏడున్నరకే లేచి వెళ్లిపోతుంది. మేకప్ వేసుకున్న నటులు గంటన్నర తెర వెనక చెమటలు కక్కుతూ కూర్చుంటారు. పెద్దలను గౌరవించవద్దని కాదు. ఆ గౌరవం నాటకం అయ్యాక చేయండి. అప్పటిదాకా కూర్చున్నవారే నిజమైన అభిమానులు, వాళ్ల చప్పట్లకు విలువ ఉంటుంది. ప్రేక్షకులు రావడం లేదని బాధపడే సంస్థలు ముందు ఈ ఒక్కటి మార్చి చూడాలి.

దూరం అనే సాకుకూ జవాబుంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు వెళ్లే మెట్రో ఆకుపచ్చ లైను నగరపు సాంస్కృతిక కేంద్రాలను వరసగా కలుపుతుంది. చిక్కడపల్లిలో దిగితే త్యాగరాయ గానసభ. ఏడాది పొడవునా అక్కడ సంగీతమో, నాట్యమో, సాహిత్య సభో జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్టే ఉండదు. సుందరయ్య విజ్ఞాన కేంద్రమూ దూరం కాదు. సుల్తాన్‌బజార్‌లో దిగితే 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. నిజాం పాలనలో తెలుగు చదవడమే ఒక ఉద్యమంగా సాగిన రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు నిలబెట్టిన గ్రంథాలయమది. ఒక గంట కూర్చుని చదువుకుని రండి. ఆదివారమైతే అక్కడినుంచి అబిడ్స్ దాకా వెళ్లి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయవచ్చు. మాదాపూర్ వైపువాళ్లకు శిల్పారామం ఆరుబయలు వేదిక ఉంది. వారాంతాల్లో కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లలు అక్కడ ఆడతారు. తల్లిదండ్రులు తప్ప మరో మనిషి లేని సభలో కాళ్లు తడబడే ఆ పిల్లలకు ముక్కూమొహం తెలియని నలుగురి చప్పట్లు ఎంతో బలం. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి చిన్న నాటకాలకు, ముషాయిరాలకు, డాక్యుమెంటరీలకు చోటిస్తోంది. యువతకు అది ఎప్పుడో తెలుసు, నా వయసువాళ్లే ఇంకా వెళ్లాలి.

ఇక శ్రీరామనవమి. ఈ ఏడు మార్చి 27, శుక్రవారం. అదే రోజు ప్రపంచ రంగస్థల దినోత్సవం. 1962 నుంచి ఏటా ఆ తేదీన జరుపుకుంటున్నారు. ఉదయం వీధి పందిట్లో కల్యాణం చూసి, వడపప్పు, పానకం పుచ్చుకుని, సాయంత్రం నాటకానికి వెళ్లగలిగిన రోజు. నవమికి ముందు ఆదివారం గోలకొండ ఎక్కి రామదాసు బందిఖానా చూసి రండి. గోడ మీద ఆయనే చెక్కాడని చెప్పే సీతారామలక్ష్మణుల రూపాలు ఉంటాయి. గోలకొండ సుల్తాన్ తానీషా మొదలుపెట్టాడని చెప్పే ముత్యాల తలంబ్రాలు ఈనాటికీ ప్రభుత్వం తరఫున భద్రాచలం వెళుతున్నాయి. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న కథ ఆ చీకటి గదిలో నిలబడి విన్న పిల్లలు, పందిట్లో కల్యాణాన్ని వేరే కళ్లతో చూస్తారు.

అపార్టుమెంటు సంఘాలకు ఒక విన్నపం. నవమి పందిరికి చందాలు వేసుకుంటాం, స్పీకర్లు అద్దెకు తెస్తాం. ఆ డబ్బులో కొంత తీసి ఒక హరిదాసును పిలవండి. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గజ్జెకట్టి, చిడతలు పట్టి శాస్త్రంగా నిలబెట్టిన కళ అది. ఒక్క మనిషి పాటగా, మాటగా, ఆటగా రెండు గంటలు రాముణ్ణి కళ్లముందు నిలబెడతాడు. ఇప్పటికీ ఆ విద్య తెలిసిన ఆడా మగా కళాకారులు నగరంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు పిలుపు రావడమే అరుదు.

సాంస్కృతిక శాఖకు, హాళ్ల నిర్వాహకులకు నేను కోరేది పెద్ద ఖర్చు లేని పని. ఉగాది మొదలు నవమి దాకా ఎక్కడ ఏ సాయంత్రం ఏముందో ఒక్క కాగితం మీద వేయండి. ఏ సమయానికి తెర లేస్తుందో రాసి, ఆ సమయానికే లేపండి. ఆ కాగితాన్ని మెట్రో స్టేషన్లలో, బస్టాపుల్లో, బడుల నోటీసు బోర్డుల మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ, వారం ముందే అతికించండి.