అది ఉత్త సరదా కాదు

"హాస్యగాడు విలేకరి కాదు గదా, అతణ్ణి నిలదీయడమెందుకు?" అనే వాదన నాకు మింగుడుపడదు. 2016 సెప్టెంబరు 15న అమెరికాలో ఎన్‌బిసి 'టునైట్ షో'లో జిమ్మీ ఫాలన్, అధ్యక్ష అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అనుమతి అడిగి మరీ అతని జుట్టు చెదరగొట్టాడు. జనం విరగబడి నవ్వారు. ఎన్నికలకు రెండు నెలలు కూడా లేదు.

అప్పటికి ఆ అభ్యర్థి సంగతి తెలియనిదేముంది? 2015 జూన్‌లో బరిలో దిగుతూనే మెక్సికో వలసదారులను రేపిస్టులన్నాడు. దాంతో ఇదే ఎన్‌బిసి అతనితో వ్యాపారం తెంచుకుంది. ఆడవాళ్లను పందులనీ కుక్కలనీ తిట్టావేమని ఆగస్టు చర్చలో అడిగిన మెగిన్ కెల్లీని మర్నాడు 'రక్తం' మాటెత్తి అవమానించాడు. బహిష్టు గురించి కాదని తర్వాత బుకాయించాడు. నవంబరుకల్లా ఎన్‌బిసి 'శాటర్‌డే నైట్ లైవ్' వేదికనే అతని చేతికిచ్చింది!

ఆ చెయ్యి చేసిన పనేమిటి? కొంటెపిల్లవాడి తల నిమిరినట్టు నిమిరింది. ఇది మనకు కొత్తేం కాదు. ఆఫీసులో చెయ్యేసినవాణ్ణి "సరదా మనిషి" అని సర్దేస్తారు, నవ్వలేకపోయిన ఆమెకు "హాస్యం తెలీదు" అంటారు. ఆడవాళ్లను మర్మాంగాలు పట్టుకుని లాగొచ్చని అతను 2005లో గొప్పలుపోయిన టేపు అక్టోబరు 7న బయటపడింది. ఫాలన్‌కి ముందే తెలియదు, నిజమే. అడగడానికి ఆ టేపు అవసరమా?

హాస్యగాళ్లను విలేకరులు కమ్మనడం లేదు. అభ్యర్థిని పిలవకపోతే ఎవరూ ఉరితీయరు. పిలిచాక, అతని మాటలవల్ల దెబ్బతిన్నవాళ్ల తరఫున ఒక్క ప్రశ్నయినా వెయ్యాలి, నవ్విస్తూనే వెయ్యాలి. మన పగటివేషగాళ్లు సోమయాజులు-సోమిదేవమ్మ వేషం కట్టి, గింజలు పెట్టే ఊళ్లోనే ఆచారాన్ని వెక్కిరించలేదా? (ఆ వేషాల్లో ఆడవాళ్లమీద వెకిలితనమూ ఉందనుకోండి, అది వేరే చర్చ.) ఫాలన్ జుట్టు చెదరగొట్టిన కొద్దిరోజులకే సమంతా బీ అనే హాస్యనటి తన కార్యక్రమంలో అతణ్ణీ ఎన్‌బిసినీ కలిపి ఉతికి ఆరేసింది. ఆమె చేసిందీ హాస్యమే.

2018 జూన్‌లో ఫాలన్ తనవల్ల పొరపాటు జరిగిందన్నాడు. అధ్యక్షుడైన ట్రంప్ వెంటనే ట్విట్టర్‌లో ఎద్దేవా చేసి, మగాడిలా ఉండమని బుద్ధి చెప్పాడు. బదులుగా ఫాలన్, వలసదారులకు న్యాయసహాయం చేసే టెక్సాస్ సంస్థకు ట్రంప్ పేరిటే విరాళమిస్తానని ప్రకటించాడు. చమత్కారమే, కానీ అప్పటికి ఓట్లు పడి ఏడాదిన్నర దాటింది.