తెరచాప యోడకు తుదిమెఱుగులు

ఇండ్లలో చేతితో చేసిన యోడబొమ్మలు పెక్కు సగములో నిలిచిపోవుట మనము చూచుచున్నదే. కొయ్యపని యున్నంతకాలము పురుషులకు ఉత్సాహ ముండును. ఉలియు, ఆకురాయియు, గరుకు కాగితమును చేత నున్నంతవఱకు వారికి భోజనము మాటయే తలపునకు రాదు. కంబములు నిలిపి త్రాళ్ళు కట్టవలసిన దినము వచ్చునప్పటికి ఆ యోడ అటక యెక్కును. ఏలయన, అక్కడినుండి మిగిలిన దంతయు నూలుపని. దారమును మైనముతో తోముట, ముడి జాఱకుండ వేయుట, అంచు మడిచి సన్నకుట్టు కుట్టుట మన సోదరీమణులకు ఒకరు నేర్పవలసిన విద్యలు కావు. తెరచాప యోడకు అందము వచ్చునది ఆ పనివలననే. కావున ఈ మాసము ఓడను గుఱించి వ్రాయుచున్నాము. ఆడువారికి ఓడలతో నేమి పని యని యడుగ దలచినవారు కడవఱకు చదివి పిమ్మట అడుగుదురు గాక.

మా వీధిలో నొక యిల్లాలి యింట ఇట్టి యోడ యొకటి యున్నది. ఆమె భర్త యుద్యోగము చాలించిన పిమ్మట మూడేండ్లు కూర్చుండి, తెల్లపొణికి కొయ్యతో 'కట్టీ సార్క్' అను నోడకు నమూనా చేసిరి. ఆ యోడ 1869లో స్కాట్లండునందలి డంబార్టనులో కట్టబడినది. చీనానుండి తేయాకును, తరువాత ఆస్ట్రేలియానుండి ఉన్నిని ఇంగ్లండునకు చేరవేసిన మూడు కంబముల యోడ. దాని మేను పొడవు 212 అడుగులకు మించినది. అడుగునకు అంగుళములో ఎనిమిదవ వంతు చొప్పున లెక్కింపగా నమూనా మేను 26½ అంగుళములు వచ్చును. ముందునకు పొడుచుకొని వచ్చు కొయ్యను కలుపుకొన్న మూడడుగులకు ఒక అంగుళమే తక్కువ.

ఆయన కంబములు నిలిపి, కుడివైపున మోకులు కట్టి, వానికి అడ్డముగా నిచ్చెనమెట్లవలె కట్టు సన్నత్రాళ్ళలో ఎనిమిది వరుసలు ముగించి కాలము చేసిరి. ఏడాది గడచిన పిమ్మట కుమారుడు దూరదేశమునుండి వచ్చి, ఆ త్రాళ్ళన్నియు విప్పించి పనివానిచే క్రొత్తవి కట్టించి, నిగనిగలాడు రంగు పూయించి తనతో తీసికొనిపోయెద ననెను. "మెట్లు ఎగుడుదిగుడుగా నున్నవి గదమ్మా" యని అతని మాట. "అప్పటికే మీ నాన్నగారికి చేయి వణకుచుండెను నాయనా, వానిని విప్పకుము" అని తల్లి మాట. ఇద్దఱును ప్రేమతోనే పలికిరి. ఇద్దఱును మమ్ము తీర్పు చెప్పుమనిరి.

మా యభిప్రాయ మిది. పోయినవారి పనిలో విఱిగిన దానిని అతుకవచ్చును, మిగిలిన దానిని పూర్తిచేయవచ్చును. వంకర యని వారి ముడిని విప్పుట మాత్రము మరమ్మతు కాదు. ఆ యెనిమిది మెట్లు ఓడకు కొలతలో తప్పు కావచ్చును గాని, అవి యా చేతి వ్రాత. వ్రాత బాగులేదని తండ్రి యుత్తరమును ఎవరైన తిరిగి వ్రాయింతురా? కుమారుడు కొంతసేపు ఊరకుండి, "అట్లయిన మిగిలినవి కట్టున దెవరు?" అనెను. తల్లి దారపుబంతి తెచ్చుకొని కూర్చుండెను.

ఇక పని విషయము. ఓడత్రాళ్ళు రెండు తెగలు. కంబమును కదలకుండ పట్టి నిలుపునవి యొక తెగ. నిజమైన యోడలో వీనికి తారు పూయుదురు గనుక నమూనాలో నల్లనివిగా నుండవలయును. తెరచాపలను ఎత్తుటకు, దించుటకు, త్రిప్పుటకు లాగునవి రెండవ తెగ. ఇవి జనుము రంగున లేతగా నుండును. అన్నిటికి ఒకే నల్లదారము వాడినచో తెలిసినవారు చూడగనే నవ్వుదురు. మోకులకు లావుదారము, మెట్లకు అందులో నాల్గవ వంతు సన్నని దారము చాలును. మెట్టునకు మెట్టునకు నడుమ ఎడము నావికుని కాలి యందుబాటును బట్టి 13 మొదలు 15 అంగుళములు. మన కొలతలో అది అంగుళమున ఏడవ వంతునకు కొంచె మిటునటు. ఈ యెడమునకు గీతలు గీచిన కాగితపు ముక్కను మోకుల వెనుక నిలిపి కట్టిన కన్ను చెదరదు. ఆమె యిదే చేసినది. అయితే తాను కట్టిన తొమ్మిదవ మెట్టు తిన్నగా వచ్చి, క్రింది యెనిమిదింటితో పొసగక పోగా, తరువాతి మూడింటిలో మెల్లమెల్లగా తిన్నదనము తెచ్చినది. చూచువారికి అతుకు కానరాదు. ఈ నేర్పు ఏ పుస్తకమునందును మాకు కనబడలేదు.

దారమును తేనెమైనముపై రెండు మూడుమార్లు లాగిన నూగు అణగును, దుమ్ము పట్టదు. బిగువు విషయమున జాగ్రత్త. నూలు చెమ్మకు ఒకతీరుగను, ఎండకు మఱియొకతీరుగను నుండును. వేసవిలో వీణతంత్రివలె బిగించినచో వానకాలమున సన్నని కంబము వంగును. వదులు కనబడనంత బిగువు చాలును. ఒకవైపు మోకు కట్టగనే దానికి జతయైన రెండవవైపు మోకు కట్టవలయును. ఆమె భర్త ఒకేవైపు కట్టి విడిచిన కారణముచే మొదటి కంబము కుడికి వాలియుండెను. ఎడమ మోకులు పడిన పిమ్మట అది లేచి నిలిచినది.

రంగు మాటకు వచ్చెదము. పొణికి మెత్తని కొయ్య. కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకులు పూడ్చునట్లు ఇక్కడను పూడ్చి, ఆరిన పిమ్మట గరుకు కాగితముతో నునుపు చేయవచ్చును. పైపూత నిగనిగలాడ రాదు. పెద్ద యోడను దూరమునుండి చూచునప్పుడు అది అద్దమువలె మెఱయదు గదా. మెఱుపు ఎక్కువైన బొమ్మ బొమ్మగానే మిగులును, ఓడ కాదు. లక్కను స్పిరిటులో కరగించి పలుచగా రెండుపూతలు పూసి, ఆరినపిదప మెత్తని గుడ్డతో అణచిన చాలును. ఈ యోడ అడుగుభాగమునకు నిజముగా రాగియు తుత్తునాగమును కలిపిన పచ్చలోహపు రేకులు తాపించియుండిరి. నమూనాలో ఇత్తడి రేకులు అంటించినవారు ఒకటి గుర్తుంచుకొనవలయును. ఇత్తడి కనబడగనే చింతపండు చేత పట్టుట మన యలవాటు. ఓడ దగ్గఱ ఆ యలవాటు పనికిరాదు. ఆ పులుసు రేకుల సందులలో దిగి చిలుము పట్టించును. దాని నల్లదనమును దానికే విడిచిపెట్టుట మేలు.

తెరచాపలు అన్నియు విప్పి కట్టినచో ఆమె యంతకాలము శ్రమించిన త్రాళ్ళు కానరావు. పైగా ఎంత సన్నని గుడ్డయైనను ఈ కొలతకు గోనెవలె తోచును. కావున చుట్టి కట్టుటయే సొగసు. చుట్టునప్పుడు పూర్తి యెత్తు గుడ్డ తీసికొన్న దిండువలె ఉబ్బును. సగముకంటె తక్కువ యెత్తునకు కత్తిరింపవలయును. వన్నెకై గుడ్డను తేనీటిలో ముంచువారు కలరు. తేయాకులోని వగరు కాలక్రమమున నూలును చివుకజేయును. కోరా గుడ్డకు సహజముగ నున్న రంగే చాలును. గంజి యసలే వలదు, పురుగులను పిలిచినట్లగును.

ప్రదర్శన సంగతి కొంత వివరింపవలయును. సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టవలె నని ఆమె కోరిక. మేము కాదనలేదు గాని దీపములకు దూరముగా, పిల్లల చేతికందని మెట్టుమీద, అద్దపు పెట్టెతోనే పెట్టుమంటిమి. ముందు పొడుచుకొనియున్న కొయ్యయే ఏ యోడకైనను మొదట విఱుగునది. ఎండ తగులు కిటికీ దగ్గఱ ఉంచిన రంగు వెలయును, నూలు చివుకును. పెట్టెకు అడుగున సన్నని సందు విడిచి దానికి పలుచని గుడ్డ అడ్డము కట్టిన గాలి యాడును, దుమ్ము రాదు. ఈ గాలి మాట తేలికైనది కాదు. లంగరువంటి చిన్న వస్తువులు సీసముతో పోతపోసినవైనచో, గాలిచొరని పెట్టెలో కొన్ని కొయ్యలనుండి, ముఖ్యముగా ఓకు కొయ్యనుండి, వెలువడు ఆమ్లపు ఆవిరిచే తెల్లని పొడియై రాలిపోవును. ఆ పొడి విషము. పిల్లలున్న యింట సీసపు లంగరుకంటె కొయ్య లంగరు మేలు. రెండు కంబముల యోడబొమ్మ ముద్రించిన శాతవాహనుల నాణెములును సీసమువే. మన తీరమున ఓడ యెంత పరిచితమో అవి చెప్పుచున్నవి. ఓడలు కట్టి మరమ్మతు చేసిన కోరంగి రేవును 1789లోను, 1839లోను తుపానుల ఉప్పెనలు ముంచినవి. ఆ తల్లి పుట్టినిల్లు ఆ ప్రాంతమే యని మాటల నడుమ తెలిసినది.

అసలు కట్టీ సార్క్‌కు సైతము ఈ ప్రదర్శన చిక్కు తప్పలేదు. 1954లో లండనునందలి గ్రీనిచ్‌లో నీరులేని గుంటలో దానిని నిలిపిరి. 2007లో అగ్ని ప్రమాదము సంభవింపగా, కంబములును మఱియనేక భాగములును మరమ్మతునకై ముందే విప్పి వేఱుచోట దాచియుండుటచే దక్కినవి. 2012లో మరల తెఱచునప్పుడు ఓడను సుమారు 3 మీటర్లు పైకెత్తి, క్రింద జనులు నడచునట్లు చేసి, చుట్టును అద్దపు కప్పు వేసిరి. మేని వంపులను ఆ యద్దము మఱుగుపఱచిన దని పలువురు విమర్శించిరి. ఓడ మేనుకంటె పెట్టె యెక్కువగా కనబడకుండుట ఇంటిలోనైనను అక్కడనైనను కష్టమే.

పెట్టెపై చీటి యొకటి యుండవలయును. కొలత, కొయ్య పేరు, చేసిన సంవత్సరము, ఎవరేపని చేసిరో వ్రాయవలయును. వ్రాయని యోడ రెండవ తరమున అనాథ యగును. కుమారుడు తండ్రి పేరు వ్రాసి, దాని క్రింద 'ఎడమవైపు మోకులు, తొమ్మిదవ మెట్టునుండి కుడివైపు' అని తల్లి పేరు వ్రాసెను. ఆమె తన పేరు తీసివేయు మన్నది. అతడు తీసివేయలేదు. ఓడనుగూడ తీసికొనిపోలేదు.