‘పరిశీలించితిని’ అనే అబద్ధం

ఏ ఆరవ తరగతి పిల్లవాడి సైన్సు రికార్డునైనా తెరిచి అయస్కాంతాల పాఠం దగ్గర చూడండి. ముత్యాల వంటి అక్షరాలతో ఇటువంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: “ఇనుప రజను ధ్రువముల వద్ద అధికముగా అంటుకొనుటను పరిశీలించితిని.” క్రింద ఎర్ర సిరాతో టిక్కు, ఉపాధ్యాయుని పొట్టి సంతకం.

నేను తెలుగు పండితుణ్ణి. భౌతిక శాస్త్రం నా విషయం కాదు. కాని ఆ క్రియాపదం ముమ్మాటికీ నా విషయమే. ‘పరిశీలించితిని’ - ఉత్తమ పురుష, ఏకవచనం, భూతకాలం. “నేనే చూశాను, నా కళ్ళతో చూశాను” అని దాని అర్థం. అది సాక్ష్యం చెప్పే క్రియ. ఆ వాక్యం వ్రాసిన పిల్లవాడు చాలా చోట్ల ఇనుప రజనును కాదు గదా, అయస్కాంతాన్నైనా ముట్టుకొని ఉండడు. నల్లబల్ల మీద ఉన్నది దించుకున్నాడు, లేదా గైడులో ఉన్నది ఎక్కించుకున్నాడు. పదకొండేళ్ళ పసివాడి చేత మనం దొంగసాక్ష్యం వ్రాయించి, దానికి మార్కులు కూడా వేస్తున్నాం. “తెలుగు పంతులుకు అయస్కాంతాలతో ఏం పని?” అని అడిగేవారికి ఇదే నా సమాధానం.

పాఠ్యపుస్తకాలలో కృత్యాలు లేవని ఒకప్పుడు మొర పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చేసి నేర్చుకోవడానికే పెద్దపీట వేసింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2024లో తెచ్చిన ఆరవ తరగతి సైన్సు పుస్తకంలో అయస్కాంతాలకు ఒక అధ్యాయమే ఉంది. అది కృత్యాలతోనే నడుస్తుంది. పుస్తకాలు మారాయి. కాని మన కంఠస్థ విద్య ఎంతటి గట్టిదంటే, అది కృత్యాన్ని కూడా మింగివేసింది. “ఉద్దేశ్యం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం” - వెనుకటి తరం శతక పద్యాలు వల్లించినట్లు ఈ తరం ప్రయోగాలు వల్లిస్తున్నది. పద్యాన్ని వల్లిస్తే కనీసం పద్యమైనా నోట మిగిలేది. ప్రయోగాన్ని వల్లిస్తే మిగిలేదేమిటి?

నేను పనిచేసిన ఒకానొక పాఠశాలలో సైన్సు పరికరాల బీరువా ఉండేది. “దండాయస్కాంతములను భద్రపరచు విధానమును వ్రాయుము” అనే ప్రశ్నకు అక్కడి పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పేవారు: విజాతి ధ్రువాలు పక్కపక్కన ఉండేలా జతగా పెట్టాలి, కొనలకు మెత్తని ఇనుప ముక్కలు ఆనించాలి. అదే బీరువాలో దండాయస్కాంతాలు కట్టెల మోపులా పడి ఉండేవి, గుండుసూదినైనా లేపలేని స్థితిలో. జవాబు ఉత్తరపత్రంలో భద్రం, అయస్కాంతం బీరువాలో నిర్జీవం. మన చదువుకు ఇంతకంటే మంచి ఉపమానం నాకు దొరకలేదు.

చూడకుండా వ్రాసే ఈ జబ్బు మనకొక్కరికే వచ్చినది కాదు. వెల్లుల్లి రుద్దితే అయస్కాంతం శక్తి కోల్పోతుందని యూరపు పండితులు వెయ్యేళ్ళకు పైగా ఒకరి గ్రంథం చూసి ఒకరు వ్రాసుకున్నారు. వెల్లుల్లి వంటింట్లోనే ఉంది. రుద్ది చూసినవాడు లేడు. 1589లో ఇటలీ దేశస్థుడు పోర్టా రుద్ది చూశాడు. అయస్కాంతానికి ఏమీ కాలేదు. ఓడ నడిపేవాళ్ళను అడిగితే అవి ముసలమ్మ కబుర్లని కొట్టిపారేశారట. 1600లో ఇంగ్లండులో విలియం గిల్బర్టు అయస్కాంతంపై తన మహాగ్రంథాన్ని ప్రచురించి ఇటువంటి వ్రాతలను ఎండగట్టాడు. అయస్కాంత శిలను గోళంగా చెక్కించి, దానిపై చిన్న సూదిని తిప్పి చూసి, భూమియే ఒక పెద్ద అయస్కాంతమని చెప్పాడు. వెయ్యేళ్ళ పాండిత్యాన్ని కూల్చడానికి ఒక వెల్లుల్లి రెబ్బ చాలింది. మన పిల్లల చేతికి ఆ రెబ్బను అందనివ్వడానికే మనకు చేతులు రావడం లేదు.

“తెలుగు పారిభాషిక పదాలు కొరుకుడు పడవు, అందుకే పిల్లలకు అర్థం కాదు” అనే వాదం మరొకటి. ఇక్కడ నేను ఊరుకోలేను. అయస్ అంటే ఇనుము, కాంతం అంటే ప్రియమైనది. ఇనుముకు ప్రియమైనది అయస్కాంతం. అచ్చతెనుగులో సూదంటురాయి: సూది అంటుకునే రాయి. ‘మాగ్నెట్’ అన్న మాట గ్రీకుల మెగ్నీషియా అనే ప్రాంతం పేరు చెబుతుందే గాని, ఆ వస్తువు చేసే పని చెప్పదు. సూదంటురాయి అన్న పేరు పెట్టినవాడు మాత్రం సూది అంటుకోవడం కళ్ళారా చూసే పెట్టాడు. ఆ దృశ్యాన్ని పిల్లవాడికి చూపకపోతే అయస్కాంతమన్నా, సూదంటురాయి అన్నా, మాగ్నెట్ అన్నా మూడూ వట్టి చప్పుళ్ళే. లోపం భాషది కాదు, ఖాళీ చేతులది.

పిల్లవాడి చేతిలో అయస్కాంతం పెట్టి చూడండి, ఏమవుతుందో. “నికెల్ అయస్కాంత పదార్థం” అని పుస్తకం అంటుంది. నేటి రూపాయి నాణెం అయస్కాంతానికి అంటుకుంటుంది. 1980లలో వచ్చిన రూపాయి నాణెం అంటదు. దానిలో నాలుగో వంతు నికెలే! రాగితో కలిసిన నికెల్ ఆ గుణాన్ని పోగొట్టుకుంటుందని అప్పుడు చెబితే పిల్లవాడు జన్మలో మరువడు. వంటింట్లో ఒక స్టీలు పాత్ర అంటుకుంటుంది, మరొకటి అంటదు. రెండూ స్టీలే కదా, ఎందుకు?

చూడడానికి ఒకేలా ఉన్న రెండు కడ్డీలు ఇచ్చి, “వీటిలో ఒకటే అయస్కాంతం, మరే వస్తువూ వాడకుండా పోల్చు” అనండి. కొనకు కొన తాకిస్తే ఎటు తిప్పినా ఆకర్షణే. ఒకదాని కొనను రెండవదాని నడిమికి తాకించాలని తోచేదాకా వాడికి అన్నం సహించదు. ఆ కొన గట్టిగా లాగితే, కొన ఎవరిదో వారే అయస్కాంతం. అయస్కాంతపు నడుమ బలం బహు తక్కువన్న సంగతి వాడికిక ఎవరూ చెప్పనక్కరలేదు.

కుట్టుసూదిని అయస్కాంతపు ఒకే ధ్రువంతో, ఒకే దిశలో నలభై యాభై మార్లు రుద్ది, ఎండుటాకు మీద ఉంచి, మట్టి మూకుడులోని నీళ్ళలో వదిలితే అది ఉత్తర దక్షిణాలకు తిరిగి నిలుస్తుంది. అప్పుడొక గడుగ్గాయి అడుగుతాడు: “సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయన్నారు గదా మాస్టారూ! మరి సూది ఉత్తర ధ్రువం ఉత్తరానికే ఎందుకు పోతున్నది?” భూమి ఉత్తర దిక్కున ఉన్నది అయస్కాంతపరంగా దక్షిణ ధ్రువమన్నది దానికి సమాధానం. ఆ ప్రశ్న గైడు చదివినవాడికి పుట్టదు. మూకుడు ముందు కూర్చున్నవాడికే పుడుతుంది.

అరవైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, డబ్బు లేదు అంటారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమాన్ని తలచుకోండి. పల్లెటూళ్ళ సర్కారు బడులు, హిందీ మాధ్యమం, చవక పరికరాలు. పుస్తకం చూసి వ్రాసే పరీక్ష, చేసి చూపే పరీక్ష. 2002లో ప్రభుత్వం దానిని మూసివేసింది. అయితేనేమి? ముప్పై ఏళ్ళు నడిచినదానిని అసాధ్యమని ఎవరనగలరు? పాడైపోయిన లౌడ్ స్పీకరులో దొరికే గుండ్రని అయస్కాంతం, ఒక సూది, ఒక మూకుడు - దీనికి ఏ బడ్జెటు కావాలి? పిల్లల చేతికి ఇవ్వరానివి మాత్రం మహాబలంగల చిన్న చిన్న నియోడిమియం గుండ్లు. రెండు మింగితే ప్రేగులకు ప్రమాదం.

ఇక తెరమీద వీడియో చూపి ‘కృత్యం అయింది’ అనేవారికి ఒక్క మాట. రెండు సజాతి ధ్రువాలను దగ్గరకు నెడుతున్నప్పుడు, మధ్యలో ఏమీ లేకుండానే ఏదో అడ్డుపడినట్లు వేళ్ళకు తగులుతుందే, అది ఏ తెరమీదా కనబడదు.

కనుక సైన్సు మాస్టర్లకు ఈ తెలుగు పంతులు విన్నపం: చేయించండి. చేయించలేకపోతే, రికార్డులో “మా మాస్టారు చెప్పగా వింటిని” అని వ్రాయించండి. వ్యాకరణమూ సరిపోతుంది, సత్యమూ నిలుస్తుంది. ఇది అతిశయోక్తి అనుకునే మిత్రులు తమ ఇంటి పిల్లల రికార్డు తెరిచి, “ఇది నువ్వు చూశావా?” అని అడిగి, వచ్చిన జవాబును ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి. విన్నది విన్నట్లే వ్రాయండి సుమా!